తూచి నివేదించవలెను

బెల్లం వ్యాపారంలో రెండు తూకాలుంటాయి. ఒకటి కాటా మీద వేసేది, రెండోది నోరు విప్పే ముందు మనసులో వేసేది. మొదటిది తప్పితే ఒక లోడు పోతుంది. రెండోది తప్పితే ఏం పోతుందో చెప్పలేం. కాండ్రేగుల పరదేశినాయుడు ముప్ఫై ఏళ్లుగా రెండూ సరిగ్గానే వేస్తూ వచ్చాడు. ఆ సోమవారం మాత్రం సింగన్నపేట బెల్లం యార్డులో ఒక మాట తూచకుండా జారవిడిచాడు. ఆ వారమంతా ఆ మాట బరువు మోశాడు.

ఆషాఢానికి ముందు రోజులు. యార్డు పడమటి షెడ్డు పక్కన ఆయన లారీ లోడై నిలబడి ఉంది. గోనె చుట్టిన ఎనిమిది వందల దిమ్మలు, అన్నీ మొదటి రంగువే. సింగన్నపేటలో బెల్లాన్ని రంగుతో లెక్కేస్తారు. లేత తేనెలా ఉంటే మొదటి రంగు, దేవుడికి వెళ్తుంది. కాస్త ముదిరితే రెండో రంగు, వంటింటికి వెళ్తుంది. నల్లబడితే మూడో రంగు. అది ఎక్కడికి వెళ్తుందో వ్యాపారులు పైకి చెప్పుకోరు.

ఈ ఎనిమిది వందలూ రథయాత్రకి. శనివారానికల్లా బరంపురంలో పాత్రో గారి దుకాణానికి చేరాలి. పాత్రో గారు ఇరవై రెండేళ్లుగా నాయుడు సరుకు మూట విప్పకుండా దించుకుంటున్నారు. యార్డులో ఎందరికో పెద్ద గోదాములున్నాయి, లారీలున్నాయి, బంధుబలగం ఉంది. మూట విప్పకుండా తీసుకునే ఖాతాదారు మాత్రం నాయుడు ఒక్కడికే ఉన్నాడు. అది ఆయన ఆస్తి.

ఆ ఆస్తికి శత్రువు గాలి. కోల్డ్ స్టోరేజీలోంచి బయటికి తీసిన బెల్లం వానాకాలపు గాలి తగిలితే చెమర్చడం మొదలుపెడుతుంది. నాలుగు రోజులకో రంగు దిగుతుంది. సోమవారం పొద్దున తీసిన సరుకు సోమవారం మధ్యాహ్నానికే గేటు దాటాలి.

గేటు దాటాలంటే పాసు కావాలి. పాసు సర్వరు ఇవ్వాలి. పూర్వం చేతిరాత పాసులుండేవి. మూడేళ్ల కిందట యార్డును కాగితరహితం చేసి, పాసు పుస్తకాలన్నిటినీ మేళతాళాలతో పాత కాగితాలవాడికి అప్పగించారు. అందుకు వచ్చిన ప్రశంసాపత్రం పెద్ద కాగితం మీద అచ్చువేసి కార్యదర్శి గదిలో గోడకి వేలాడుతోంది.

నాయుడు కంప్యూటరు గదికి వెళ్లేసరికి ఆపరేటరు ఏసుపాదం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏటి ఏసుపాదం, ఎవరు పోయేరు?"

"సర్వరు ఆపీసేమండీ."

"పాడైపోనాదా?"

"పాడవలేదండి. పాడైతే బాగు చేసీవోణ్ణి. పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది."

కాగితంలో ఇలా ఉంది: "పాత ఆపరేటింగు సిస్టము భద్రమైనది కానందున నేటి నుండి వాడరాదు. నూతన ఆపరేటింగు సిస్టము యొక్క భద్రతను, అప్‌గ్రేడు సవాళ్లను అన్ని విధముల తూచి నివేదించవలెను. నివేదిక అందిన పిమ్మటనే నూతన సిస్టమును స్థాపించవలెను."

నాయుడు రెండుసార్లు చదివాడు. "పాతది వాడకూడదు. కొత్తది వాడకూడదు."

"అలాగైతే చాలా భద్రమండి," అన్నాడు ఏసుపాదం. అతని మొహంలో నవ్వు లేదు. పదిహేనేళ్లు ప్రభుత్వ కంప్యూటర్లతో గడిపిన మనిషి.

"అసలు ఈ సిస్టమంటే ఏటి, నాకు తెలిసేలాగ చెప్పు."

"సర్వరంటే గానుగనుకోండి. ఆపరేటింగ్ సిస్టమంటే దాన్ని తిప్పే పద్ధతి. పాత పద్ధతికి కన్నాలు పడితే కంపెనీవాడు ఇన్నాళ్లూ పూడ్చేవోడు. ఇంక పూడ్చనన్నాడు. కొత్తది ఇదిగో." ఏసుపాదం సొరుగులోంచి వేలెడు పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు. "సరుకు మంచిదేనండి. కాకపోతే మన మిషను పాతది. ఉన్నదంతా ముందు నకలు తీసి దాచుకుని, పక్కన ఒక చిన్న మిషను మీద ఎక్కించి రెండ్రోజులు నడిపి చూస్తే తెలిసిపోద్ది. బాగుంటే ఉంచుకుంటాం, బాగులేకపోతే పాతది దింపుకుంటాం."

శాంపిలు చూసి సరుకు కొనడం. నాయుడికి ఇందులో వింతేమీ కనపడలేదు. "ఈ మాట కార్యదర్శి గారికి చెప్పేవా?"

"చెప్పేనండి. నా హోదాకి అభిప్రాయం లేదన్నారు."

కార్యదర్శి విశ్వమూర్తి గారికి భాష మీద గొప్ప పట్టు. మంచినీళ్లు అడిగినా అది ఉత్తర్వులాగే వినపడేది. నాయుడు వెళ్లేసరికి ఆయన ఆ కాగితాన్నే ఎదురుగా పెట్టుకుని ఒక మాట కింద ఎర్ర సిరాతో గీత గీస్తున్నారు.

"రండి నాయుడు గారూ. తమ లారీ సంగతి మా దృష్టిలో యున్నది. 'తూచి' అను పదము వద్ద విషయము ఆగియున్నది. తూచుట యెట్లు అను అంశముపై స్పష్టత కోరుచు పై కార్యాలయమునకు లేఖ వ్రాయుచున్నాము."

"జవాబు ఎప్పటికొస్తాదండీ?"

"సాధారణముగా నలభై అయిదు పనిదినములు."

నాయుడు కిటికీలోంచి చూశాడు. తూర్పున సముద్రం వైపు మబ్బు పడుతోంది. ఆయనకి ఒళ్లు మండింది. సరిగ్గా అప్పుడే ఆ మాట జారింది.

"తూచడానికి స్పష్టతేటండీ బాబూ. ఎదురుగా కాటా ఉంది. కాటాదారు అప్పలకొండ పొద్దుట్నుంచీ ఈగలు తోలుకుంటన్నాడు. దాని మీద పెట్టి తూచీండి, అయిపోద్ది."

విశ్వమూర్తి గారు కలం కింద పెట్టారు. లేచి, బీరువాలోంచి యార్డు నిబంధనల పుస్తకం తీసి, ఏడో నిబంధన దగ్గర తెరిచి పైకి చదివారు. "తూచుట అనగా, యార్డులోనికి వచ్చిన ఏ సరుకునైనను, యార్డు కాటాపై, లైసెన్సు గల కాటాదారునిచే తూకము వేయించి, చీటీ పొందుట." పుస్తకం మూశారు. "ఇన్నాళ్లు కళ్ల యెదుటనే యున్నది. తమరు వ్యాపారస్థులై యుండియు చట్టము నెరిగినవారు."

నాయుడు నవ్వబోయాడు. కార్యదర్శి నవ్వడం లేదని గ్రహించి మానేశాడు.

మంగళవారం పదింటికి తూకం. నిబంధనల ప్రకారం సరుకును కాటా దగ్గరికి ఇద్దరు కళాసీలు మొయ్యాలి. ఇద్దరు కళాసీలు ఒక గోనె పట్టా నాలుగు మూలలూ పట్టుకుని, మధ్యలో పెన్‌డ్రైవుతో, పడిపోకుండా అడుగులో అడుగు వేస్తూ తీసుకొచ్చారు. లారీలు తూచే కాటా అది. నలభై అడుగుల ఇనుప పలక. దాని నడిమధ్య పెన్‌డ్రైవు పెట్టి అందరూ దిగారు.

అప్పలకొండ అద్దాల గదిలోంచి తల బయటికి పెట్టి, "సున్నా," అన్నాడు.

"మరల చూడుము."

"మరల చూసినా సున్నాయేనండి. ఈ కాటా ఇరవై కిలోలకో గీత కొడతాది. అంతకంటే తక్కువ ఏటెట్టినా దానికి తెలీదు."

విశ్వమూర్తి గారు ఆలోచించి, ఊళ్లో కంసాలి దగ్గర్నుంచి బంగారం తూచే కాటా తెప్పించారు. దానికి యార్డు కాటా హోదా ఇస్తూ అప్పటికప్పుడు ఒక ఉత్తర్వు రాశారు. దాని మీద పెన్‌డ్రైవు తొమ్మిది గ్రాములు తూగింది. అందరి ముఖాలూ తేటపడ్డాయి. చీటీ రాయబోయారు.

అప్పలకొండ తల గోక్కున్నాడు. ముప్ఫై అయిదేళ్లుగా ప్రతి తూకానికీ అడిగే ప్రశ్నే అడిగాడు. "సంచి తరుగు తియ్యాల కదండీ?"

న్యాయమైన మాటే. బెల్లం తూచినప్పుడు గోనె బరువు తీసెయ్యాలి. సిస్టం లోపల ఉంది, పెన్‌డ్రైవు సంచి. ఏసుపాదం అదే రకం ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చి కాటా మీద పెట్టాడు. తొమ్మిది గ్రాములు.

"అనగా నికర సరుకు..." అన్నారు విశ్వమూర్తి గారు.

"లేదండి," అన్నాడు అప్పలకొండ. "ఉత్త సంచి పంపీసేరు."

యార్డు చరిత్రలో తక్కువ తూకం కేసులు చాలా ఉన్నాయి. సరుకు బొత్తిగా లేని కేసు ఇదే మొదలు. కార్యదర్శి వెంటనే కంపెనీకి ఫోను చేయించి స్పీకరు పెట్టారు. అవతల ఒక ఇంజినీరు హుషారుగా మాట్లాడాడు.

"సార్, ఇది పాతదానికంటే చాలా హెవీ సార్. మీ మెషీన్ మొయ్యలేకపోవచ్చు. అది మాత్రం చూసుకోండి."

"ఎంత బరువు?"

"పాతదానికి నాలుగింతలుంటుంది సార్."

ఫోను పెట్టేశారు. అమ్మేవాడు నాలుగింతల బరువంటున్నాడు. కాటా సున్నా అంటోంది. బెల్లం యార్డులో అమ్మేవాడి మాట నమ్మాలని ఏ నిబంధనా లేదు. "సరుకు దారిలో అపహరణకు గురియైనదా, లేక మొదటి నుండియు లేదా అనునది విచారణలో తేలవలెను," అని విశ్వమూర్తి గారు రాయించారు.

సాయంత్రం నాయుడు లారీ ఎక్కి టార్పాలిన్ ఎత్తి చూశాడు. పై వరస దిమ్మల మీద సన్నని మెరుపు. వేలితో ముట్టుకున్నాడు. వేలు అతుక్కుంది.

"ఏటి బావు, చెమట్టిందా?" అడిగాడు డ్రైవరు కన్నబాబు.

"పట్టింది."

"ఎవడికీ అడ్డం లేని లారీ బావు. గేటు మీద ఒక్క కర్ర. ఎత్తితే ఎల్లిపోతాం."

"ఆ కర్ర ఎత్తడానికి తొమ్మిది గ్రాములు తక్కువైంది," అన్నాడు నాయుడు.

బుధవారం అప్‌గ్రేడు సవాళ్ల పని పట్టారు. బెల్లం యార్డులో గ్రేడు పెంచడమంటే చిన్న విషయం కాదు. మూడో రంగు బెల్లంలో మందు కలిపి మొదటి రంగుగా అమ్మేవాళ్లని పట్టుకోవడానికే గ్రేడింగు సూపర్‌వైజరు శేషగిరి ఉద్యోగం ఉంది. ఇరవై ఏళ్లలో 'అప్‌గ్రేడు' అన్న మాట ఆయన మంచి సందర్భంలో వినలేదు. పెన్‌డ్రైవును భూతద్దంతో చూసి, వాసన చూసి, ఏసుపాదాన్ని నిలబెట్టి అడిగాడు.

"ఇది ముందు ఏ గ్రేడు? ఇప్పుడు ఏ గ్రేడుకి పెంచేరు? ఏం కలిపేరు?"

"కలపలేదండి. కంపెనీవాడే కొత్తగా చేసేడు."

"కొత్తదైతే లోపాలుండవు కదా."

"ఉంటాయండి. కన్నాలుంటాయి. దొరికినప్పుడల్లా కంపెనీవాడు నెలకోసారి ప్యాచ్ పంపుతాడు. అంటే మాసిక లాటిది."

"కొత్త గోనెకి నెలనెలా మాసికా?" శేషగిరి కాగితం మీద 'మూడో రంగు' అని రాసుకున్నాడు.

విశ్వమూర్తి గారు భద్రతకి ఒక పట్టిక తయారుచేయించారు. పద్నాలుగో గడి ఇది: ఇంతవరకు కనుగొనబడని కన్నముల సంఖ్య.

"కనిపెట్టనివి ఎన్నున్నాయో ఎలగ చెప్తామండీ?" అన్నాడు ఏసుపాదం.

"గడి ఖాళీగా నుంచరాదు. సుమారుగా చెప్పుము."

"పాతదాంట్లో ఎన్ని?" అడిగాడు శేషగిరి.

"దొరికినవి నూట పన్నెండండి."

"కొత్తది కాబట్టి సగం వేద్దాం."

యాభై ఆరు అని రాశారు. కింద షరా: 'కనుగొనబడని యాభై ఆరు కన్నములలో ఒక్కటియు తప్పిపోకుండ సంబంధిత ఆపరేటరు బాధ్యత వహించవలెను.' ఏసుపాదం సంతకం చేశాడు. సంతకం చేస్తూ, ఊరుకోలేక, ఇంకో నిజం కూడా చెప్పాడు. "అసలు భయం వెనక తలుపులతోనండి. కొన్ని సిస్టముల్లో తెలీకుండా వెనక తలుపు వదిలేస్తారు. దొంగలు అందులోంచే వస్తారు."

అందరూ తిరిగి చూశారు. కంప్యూటరు గదికి వెనక ఒక తలుపుంది. దాని అవతల కుళాయి ఉంది, చిన్న వేపమొక్క ఉంది.

"ఇన్ని సంవత్సరములుగా ఈ విషయము మాకేల నివేదింపలేదు?" అన్నారు విశ్వమూర్తి గారు.

మధ్యాహ్నానికి తాపీమేస్త్రి వచ్చాడు. మూడింటికల్లా తలుపు స్థానంలో ఇటుకగోడ లేచింది. గది బెల్లం పెనంలా కాగిపోవడం మొదలైంది. ఏసుపాదం మంచినీళ్లకి షెడ్డు చుట్టూ తిరిగి వెళ్తూ నాయుడి పక్కన ఆగాడు. "నిజం చెప్పడం మానీయాలండి," అన్నాడు.

లారీ కింద అప్పటికి సన్నగా నీరు కారుతోంది. బెల్లపు నీరు. దాని వెంట చీమల బారు గేటు దాకా సాగింది. చీమలకి పాసు అక్కర్లేదు.

గురువారం పొద్దున నాయుడు ఒక దిమ్మ గోనె విప్పి ఎండలో పెట్టి చూశాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. రెండో రంగు. యార్డులో ఒక పెన్‌డ్రైవుకి గ్రేడు పెరిగిందా లేదా అని నలుగురు ఉద్యోగులు రెండు రోజులుగా చూస్తున్నారు. ఎనిమిది వందల దిమ్మలకి గ్రేడు తగ్గడం ఎవరి పట్టికలోనూ లేదు.

ఆయన లారీ నీడలో కూర్చుని లెక్క వేసుకున్నాడు. వాదించి లాభం లేదు. కొనేవాడితో ధర దగ్గర వాదిస్తావు, కాటాతో వాదించవు. వీళ్లు కాటా. ఎటు మొగ్గినా అటే నిజమంటారు. కాబట్టి కాటా మీద ఏం పెట్టాలో అదే చూసుకోవాలి. తను పెట్టిన మాటే వీళ్లని ఇంతదూరం తెచ్చింది. ఇంకో మాట పెడితే వెనక్కి తేవచ్చు. ఈసారి తూచి పెట్టాలి.

కార్యదర్శి గదికి వెళ్లి వినయంగా నిలబడ్డాడు. "అయ్యా, తూకంలో మనం ఒక పొరపాటు చేసేమండి."

"ఏమది?"

"లారీలో సరుకుని ఎలగ తూస్తామండీ? దించి తూచం కదా. ముందు ఖాళీ లారీని తూస్తాం. తర్వాత లోడు చేసి తూస్తాం. తేడా ఎంతో సరుకు అంత. ఈ సిస్టం ఉండవలసింది సర్వర్లో. మనం సంచిలో చూస్తే ఏం కనపడతాది?"

విశ్వమూర్తి గారు నిబంధనల పుస్తకం వైపు చెయ్యి చాచారు. పదకొండో నిబంధన సరిగ్గా అదే చెబుతోంది. "అయినను, నూతన సిస్టమును స్థాపించుట నిషిద్ధము గదా."

"స్థాపించడం కాదండి. తూకం కోసం పోయడం."

"పోయుట," అన్నారు విశ్వమూర్తి గారు, నాలుక మీద వేసి రుచి చూస్తున్నట్టు. "పోయుటకు నిషేధము లేదు."

"పోశాక నిండిందో లేదో కూడా చూడాలండి. వెలితి ఉంటే తూకం చెల్లదు. ఏదైనా ఒక పాసు కొట్టి చూస్తే తెలిసిపోద్ది."

"ఏ వాహనమునకు?"

"ఏదో ఒకటండి. పడమటి షెడ్డు పక్కన ఒకటి ఉంది."

శుక్రవారం పొద్దున ఇద్దరు కళాసీలు సర్వరును తోపుడుబండి మీద పెట్టి కాటాకి తోలుకొచ్చారు. బండి తరుగు తీసి అప్పలకొండ అరిచాడు. "ఇరవై." తిరిగి గదికి తోలుకెళ్లారు. ఏసుపాదం ముందు పాతదంతా అరచేతంత పెట్టెలోకి నకలు తీసి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. తర్వాత కొత్తది ఎక్కించాడు. నాలుగు గంటలు పట్టింది. వెనక తలుపు లేని గదిలో అతను చెమటతో తడిసిపోయాడు. సర్వరు మూడుసార్లు మూలిగింది, ఒకసారి ఆగిపోయింది, మళ్లీ లేచింది.

"మోస్తంది," అన్నాడు ఏసుపాదం మెల్లిగా. నాలుగు రోజుల్లో ఆ కాగితం అడిగిన అసలు ప్రశ్నకి జవాబు అదొక్కటే. దాన్ని ఎవరూ రాసుకోలేదు.

నిండిందో లేదో చూడటానికి ఒక పాసు కొట్టారు. ప్రింటరు కిర్రుమంది. నాయుడు లారీ నంబరుతో పాసు బయటికొచ్చింది. ఆయన దాన్ని పూజారి చేతి తీర్థంలా రెండు చేతులా అందుకున్నాడు.

సర్వరును మళ్లీ కాటాకి తోలుతుండగా జల్లు పడింది. తడవకుండా దాని మీద రెండు గోనెలూ ఒక టార్పాలినూ కప్పారు. గోనెలు తడిసి నీళ్లు పీల్చాయి. కాటా మీదికి ఎక్కించాక అప్పలకొండ తల బయటికి పెట్టాడు. "నలభై."

"నలభై?" విశ్వమూర్తి గారు కాటా గది వైపు రెండడుగులు వేశారు.

"గోనెలు తడిసినాయండి, టార్పాలిను కూడా..."

"కాటా ఏమి చెప్పినదో అది మాత్రము చెప్పుము."

"నలభైయండి."

"అనగా నికర బరువు ఇరవై కిలోలు." కార్యదర్శి గొడుగు కింద నిలబడి స్వయంగా చీటీ మీద సంతకం చేశారు. నివేదిక ఆ మధ్యాహ్నమే బయల్దేరింది. 'నూతన ఆపరేటింగు సిస్టమును అన్ని విధముల తూచితిమి. నికర బరువు ఇరవై కిలోలు. కంపెనీ వారి వాదము సరియైనదే.'

సర్వరు దిగగానే నాయుడు లారీ అదే కాటా ఎక్కింది. బయటికి వెళ్లే ప్రతి లారీనీ చివరిసారి తూచాలి. సోమవారం లోడు చేసినప్పటి కంటే ఇరవై కిలోలు తక్కువ తూగింది. నాలుగు రోజులు నేల మీదికి కారిన నీరు అది. అప్పలకొండ తన పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాడు. సర్వరు, ఇరవై ఎక్కువ. లారీ, ఇరవై తక్కువ.

గేటు మీది కర్ర లేచింది.

ఇచ్ఛాపురం దాటాక నాయుడు లారీ ఆపించి పాత్రో గారికి ఫోను చేశాడు. "సరుకు వస్తాది బాబూ. మొదటి రంగు కాదు, రెండోది. నాను చెప్తన్నాను, మీరు విప్పి చూసుకోండి." "తీసుకురండి నాయుడు గారూ," అన్నారు పాత్రో గారు.

శనివారం సాయంత్రం బరంపురంలో ఆయన అరుగు మీద మొదటి మూట దించారు. పాత్రో గారు ఒక్క క్షణం తటపటాయించి, గుమస్తాని పిలిచి చిన్న కత్తి తెప్పించారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి. గోనె కుట్టు తెగిన చప్పుడు చిన్నదే. నాయుడు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. సరుకంతా తీసుకున్నారు. దేవుడికి కాదు, మిఠాయి దుకాణాలకి.

పది రోజుల తర్వాత నాయుడు రెండో లోడుతో యార్డుకి వచ్చాడు. కంప్యూటరు మీద తువ్వాలు కప్పి ఉంది.

"మళ్లీ ఎవరు పోయేరు?"

"మీకే వచ్చిందండి," అన్నాడు ఏసుపాదం, ఒక నోటీసు అందిస్తూ. "నివేదిక చూసి పై ఆఫీసువాళ్లు చాలా సంతోషించేరంట. మిగతా యార్డులవాళ్లు కూడా తూచేరు. అక్కడ సున్నా వచ్చింది. మన దగ్గర ఇరవై ఎక్కువెలా వచ్చిందని ఎంక్వయిరీ పెట్టేరు. అప్పలకొండ పుస్తకం చూసేరు."

నోటీసు ఇలా ఉంది: 'ఒకే దినమున, ఒకే కాటాపై, సర్వరులో పెరిగిన ఇరవై కిలోలును, తమ లారీలో తగ్గిన ఇరవై కిలోలును సరిపోవుచున్నవి. సర్వరు లోపల చీమలు కూడ కనుగొనబడినవి. కావున తమ బెల్లము ఇరవై కిలోలు సర్వరులోనికి ప్రవేశించినట్లు నిర్ధారణయైనది. సదరు బెల్లమునకు గ్రేడు నిర్ణయించువరకు సర్వరు నిలుపుదల చేయబడినది.'

నాయుడు కార్యదర్శి గదికి వెళ్లాడు. విశ్వమూర్తి గారు, శేషగిరి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. బల్ల మీద పట్టిక, అందులో గ్రేడు గడి ఒక్కటే ఖాళీగా ఉంది. బయట కొత్త లోడు మీద గాలి తగులుతోంది. ఆయన ఈసారి వాదించలేదు, నవ్వలేదు. మాటని మనసులో రెండుసార్లు తూచుకున్నాడు.

"సరుకు నాదేనండి. ఒప్పుకుంటాను."

ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. శేషగిరి కలం తీశాడు. "ఏ రంగు?"

"మొదటి రంగని రాయండి," అన్నాడు నాయుడు. "లోపలికి ఎల్లినప్పుడు రెండోదే. అక్కడ అప్‌గ్రేడయ్యింది."

శేషగిరి రాసుకున్నాడు. విశ్వమూర్తి గారు సంతకం చేసి ముద్ర వేశారు. ఏసుపాదం వెళ్లి తువ్వాలు తీశాడు.